తామర (చర్మవ్యాధి)

ఈ వ్యాసం చర్మవ్యాధి గురించి. ఇదే పేరు గల పుష్పం కొరకు పద్మం చూడండి.

తామర అనేది చర్మం, వెంట్రుకలు, గోళ్ళను ఆశ్రయించి జీవించే కొన్ని శిలీంధ్రాల వలన కలిగే అంటువ్యాధి. దీనిని సంస్కృతంలో దద్రువు అని, ఆంగ్లంలో రింగ్‌వర్మ్ అని, వైద్య పరిభాషలో టీనియా లేదా డెర్మటోఫైటోసిస్ అని అంటారు. చర్మం మీద గుండ్రంగా, ఎర్రటి అంచుతో, పొలుసులతో, విపరీతమైన దురదతో మచ్చలు ఏర్పడటం దీని ముఖ్య లక్షణం. ఇది ప్రాణాంతకం కాదు. సరైన మందును తగినంత కాలం వాడితే సాధారణంగా పూర్తిగా నయమవుతుంది. అయినప్పటికీ భారతదేశంలో 2010 దశకం నుండి ఇది త్వరగా తగ్గని, తగ్గినా మళ్ళీ మళ్ళీ వచ్చే, ఇంటిల్లిపాదికీ సోకే వ్యాధిగా మారింది. వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ కలిసిన లేపనాలను వాడటం, మందులకు లొంగని కొత్త శిలీంధ్రం వ్యాపించడం ఇందుకు ముఖ్య కారణాలుగా చర్మవ్యాధి నిపుణులు భావిస్తున్నారు.

పేరు

ఆంగ్ల నామంలో 'వర్మ్' అనే మాట ఉన్నప్పటికీ ఈ వ్యాధికి పురుగులతో సంబంధం లేదు. లాటిన్ భాషలో 'టీనియా' అనగా బట్టలను కొరికే చిమ్మెట పురుగు. ఉన్ని బట్టలో పురుగు కొరికిన గుండ్రని రంధ్రాలకు, తలలో జుట్టు ఊడిన గుండ్రని మచ్చలకు పోలిక ఉండటం వలన ఆ పేరు వచ్చిందంటారు. వైద్య గ్రంథాలు శరీర భాగాన్ని బట్టి టీనియా కాపిటిస్ (తల), టీనియా కార్పొరిస్ (ఒళ్ళు), టీనియా క్రూరిస్ (గజ్జలు), టీనియా పెడిస్ (పాదం), టీనియా అంగ్వియం (గోరు) అని పేర్లు పెట్టాయి.

తెలుగులో 'గజ్జి, తామర' అని రెండు మాటలను జంటగా వాడటం అలవాటు. కానీ అవి రెండు వేర్వేరు వ్యాధులు. గజ్జి చర్మంలో బొరియలు చేసే ఒక సూక్ష్మమైన పురుగు వలన వస్తుంది, తామర శిలీంధ్రం వలన వస్తుంది. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. ఇంతకంటే ఇబ్బందికరమైన గందరగోళం మరొకటి ఉంది. పత్రికలలోను, అనువాదాలలోను 'ఎగ్జిమా' అనే ఆంగ్ల పదానికి కూడా 'తామర' అని వ్రాస్తుంటారు. ఎగ్జిమా అంటువ్యాధి కాదు, శిలీంధ్రం వలన వచ్చేది కాదు. దానికి స్టెరాయిడ్ లేపనం సరైన చికిత్స. తామరకు అదే లేపనం హాని చేస్తుంది. కాబట్టి ఈ రెండింటికీ ఒకే పేరు వాడటం కేవలం భాషకు సంబంధించిన దోషం కాదు. ఈ వ్యాసంలో తామర అనగా శిలీంధ్ర వ్యాధి మాత్రమే.

కారణం

తామరను కలిగించే శిలీంధ్రాలను డెర్మటోఫైట్లు అంటారు. వీటిలో ముఖ్యమైన ప్రజాతులు మూడు: ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్, ఎపిడెర్మోఫైటాన్. ఇవి రొట్టె మీద పట్టే బూజుకు దూరపు బంధువులు. చర్మపు పై పొరలో, వెంట్రుకలలో, గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనును జీర్ణం చేసుకోగల ఎంజైములు వీటికి ఉన్నాయి. కెరాటిన్ ఉన్న మృత కణాల పొర వరకే వీటి నివాసం. ఆరోగ్యవంతులలో ఇవి రక్తంలోకి గానీ, లోపలి అవయవాలలోకి గానీ చొరబడవు. 'తామర రక్తం చెడిపోవడం వలన వస్తుంది' అనే నమ్మకానికి ఆధారం లేదు. వంకాయ, ఎండుచేప వంటివి మానితే తామర తగ్గుతుందనడానికి కూడా ఆధారం లేదు.

ఈ శిలీంధ్రాలు మూడు చోట్ల నుండి మనిషికి సోకుతాయి. మొదటిది, అన్నింటికంటే ముఖ్యమైనది, మరొక మనిషి. ట్రైకోఫైటాన్ రూబ్రమ్ వంటి జాతులు మనుషుల మీదనే జీవిస్తాయి. రెండవది జంతువులు. పిల్లి, కుక్క పిల్లల నుండి మైక్రోస్పోరమ్ కానిస్, ఆవులు, దూడల నుండి ట్రైకోఫైటాన్ వెర్రుకోసమ్ అనే జాతులు సోకుతాయి. పాడి పశువులను చూసుకునేవారికి ముంజేతుల మీద, మెడ మీద వచ్చే తామరకు దూడల ముఖం మీది బూడిద రంగు మచ్చలే మూలం కావచ్చు. మూడవది నేల, ఇది అరుదు. జంతువుల నుండి వచ్చిన తామరలో వాపు, ఎరుపు ఎక్కువగా ఉంటాయి. మనుషుల నుండి వచ్చినది నెమ్మదిగా, మొండిగా ఉంటుంది.

వేడి, తేమ ఉన్నచోట శిలీంధ్రం బాగా పెరుగుతుంది. అందువలన ఎండాకాలం చివర, వర్షాకాలంలో వ్యాధి ఎక్కువవుతుంది. గాలి ఆడని బిగుతైన జీన్సు, లెగ్గింగ్సు, చెమటతో తడిసిన లోదుస్తులు, తడి ఆరకుండానే కట్టుకున్న బట్టలు దీనికి అనుకూలిస్తాయి. స్థూలకాయులు, మధుమేహ రోగులు, వంటశాలలలోను బట్టీల దగ్గర పనిచేసేవారు, రోజంతా బూట్లు తొడిగి ఉండే కాపలాదారులు, పోలీసులు, నీటిలో నిలిచి నాట్లు వేసే కూలీలు దీని బారిన ఎక్కువగా పడతారు.

వలయం ఏర్పడే విధానం

శిలీంధ్రం సోకిన తరువాత సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలలో మచ్చ కనిపిస్తుంది. మొదట చిన్న ఎర్రని పొక్కులాగా మొదలవుతుంది. శిలీంధ్రం ఆ బిందువు నుండి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది కనుక మచ్చ గుండ్రంగా పెరుగుతుంది. శరీరపు రక్షణ వ్యవస్థ దానిని గుర్తించి ఎదుర్కొన్నప్పుడు మధ్యభాగం మానుతుంది. కొత్త చర్మం వైపు జరుగుతున్న శిలీంధ్రం మాత్రం అంచులో ఉంటుంది. ఎరుపు, ఉబ్బు, పొలుసులు, దురద అన్నీ అంచులోనే ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. వైద్యులు పరీక్ష కొరకు పొలుసులను మచ్చ నడుమ నుండి కాక అంచు నుండి గీకి తీయడం కూడా ఇందుకే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఎరుపు, దురద అనేవి శిలీంధ్రం నేరుగా చేసేవి కావు, దానిపై శరీరం చేసే పోరాటపు గుర్తులు. ఆ పోరాటాన్ని అణచివేసే మందు రాస్తే గుర్తులు మాయమవుతాయి, శిలీంధ్రం మాయం కాదు.

శరీర భాగాలను బట్టి రకాలు

గజ్జలలో తామర: మన దేశంలో అత్యధికంగా కనిపించే రకాలలో ఇది ఒకటి. తొడల సందులలో మొదలై, విల్లు ఆకారపు అంచుతో తొడల లోపలి వైపుకు, పిరుదులకు, నడుము చుట్టూ పాకుతుంది. దీనిని చాలామంది సుఖవ్యాధిగా అనుమానించి, సిగ్గుపడి, ఇంట్లో వారికి కూడా చెప్పకుండా మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక ట్యూబు కొనుక్కుంటారు. ఇది సుఖవ్యాధి కాదు. దంపతులలో ఒకరి నుండి మరొకరికి సోకవచ్చు, కానీ అదే విధంగా తువాలు ద్వారా తండ్రి నుండి కొడుక్కీ సోకుతుంది. స్త్రీలలో చీర, లంగా బొందు బిగించి కట్టే నడుము భాగంలోను, రొమ్ముల క్రింద మడతలలోను ఎక్కువగా వస్తుంది. పురుషులలో మొలత్రాడు ఉన్నచోట వలయం చుట్టుకొని ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఆరని ఆ దారం శిలీంధ్రానికి ఆశ్రయం ఇస్తుంది కనుక చికిత్స కాలంలోనైనా దానిని తీసివేయమని వైద్యులు చెబుతారు.

ఒంటి మీద తామర: మెడ, వీపు, పొట్ట, చేతులు, కాళ్ళ మీద వలయాలుగా వస్తుంది. ముఖం మీద వచ్చినప్పుడు వలయం స్పష్టంగా ఉండదు, ఎండకు దురద పెట్టే ఎర్ర మచ్చలాగా ఉండి మోసం చేస్తుంది.

పాదాల తామర: కాలి నాలుగవ, ఐదవ వ్రేళ్ళ నడుమ చర్మం నాని, తెల్లబడి, చిట్లి దుర్వాసన వస్తుంది. కొందరిలో అరికాలంతా పొడిగా, పిండి రాలినట్లు పొలుసులు లేస్తుంది. దీనిని మామూలు పొడిచర్మంగా భావించి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. రెండు పాదాలకూ ఒక్క అరచేతికీ మాత్రమే పొలుసులు ఉంటే తామరను తప్పక అనుమానించాలి. మధుమేహం ఉన్నవారిలో ఈ పగుళ్ళ ద్వారా బాక్టీరియా ప్రవేశించి కాలంతా వాచే ప్రమాదం ఉంది. కనుక వారు దీనిని చిన్న విషయంగా తీసుకోరాదు.

తల తామర: ఇది ముఖ్యంగా పిల్లల వ్యాధి. యుక్తవయస్సు తరువాత చర్మంలో ఊరే నూనెలోని కొవ్వు ఆమ్లాలు శిలీంధ్రాన్ని కొంతవరకు అడ్డుకుంటాయని, పెద్దలలో ఇది అరుదు కావడానికి అదే కారణమని భావిస్తారు. తలలో ఒకచోట జుట్టు విరిగి, పొట్టు రాలుతూ, నల్లని చుక్కల వలె వెంట్రుకల మొదళ్ళు మాత్రమే మిగులుతాయి. దీనిని పేనుకొరుకుడుగా పొరబడటం సాధారణం. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు, దురద కూడా సాధారణంగా ఉండదు. కొందరు పిల్లలలో తల తామర చీము నిండిన మెత్తని గడ్డగా మారుతుంది. దీనిని కీరియాన్ అంటారు. అది చూడటానికి సెగ్గడ్డ వలె ఉన్నా కోసి చీము తీయవలసినది కాదు. ఆలస్యం చేస్తే ఆ భాగంలో జుట్టు శాశ్వతంగా పోతుంది. లేపనాలు వెంట్రుక కుదురు లోపలికి చేరలేవు కనుక తల తామరకు నోటి మందు తప్పనిసరి. గుండు చేయించడం వలన వ్యాధి నయం కాదు, పైగా శుభ్రం చేయని పరికరాల ద్వారా మరొకరికి అంటే అవకాశం ఉంది.

గోటి తామర: గోరు పసుపు రంగుకు తిరిగి, మందమై, క్రింద పొడిలాంటి పదార్థం చేరి పెళుసుగా విరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. అయితే ఒంటి మీది తామర తగ్గినా మళ్ళీ వస్తూ ఉంటే దానికి విత్తనం గోటిలో ఉండే అవకాశం ఉంది. గోకినప్పుడల్లా శిలీంధ్రం గోటి నుండి చర్మానికి చేరుతుంది.

పోలిన ఇతర వ్యాధులు

శోభి కూడా శిలీంధ్ర వ్యాధే గానీ తామర కాదు. అది మలసీజియా అనే వేరొక శిలీంధ్రం వలన, ఛాతీ, వీపు, మెడ మీద లేత తెలుపు లేదా గోధుమ రంగు మచ్చలుగా వస్తుంది. దురద తక్కువ, ఒకరి నుండి మరొకరికి అంటదు. సోరియాసిస్‌లో వెండి రంగు పొలుసులు మచ్చ అంతటా దట్టంగా ఉంటాయి. గజ్జలలో కాండిడా అనే శిలీంధ్రం వలన వచ్చే ఎర్రని ఒరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటాయి, ఇది మధుమేహ రోగులలోను, పసిపిల్లల లంగోటా భాగంలోను ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యంగా గుర్తించవలసినది కుష్టువ్యాధి. కుష్టు మచ్చ కూడా గుండ్రంగా, అంచుతో ఉండవచ్చు. కానీ దానిలో దురద ఉండదు, స్పర్శ తగ్గి ఉంటుంది, చెమట పట్టదు, వెంట్రుకలు రాలి ఉంటాయి. దురద లేని, స్పర్శ లేని మచ్చకు తామర మందు రాస్తూ కాలం గడపకూడదు. కుష్టువ్యాధికి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా మందులు ఇస్తారు. త్వరగా మొదలుపెడితే అంగవైకల్యం రాకుండా నయమవుతుంది.

నిర్ధారణ

చాలా సందర్భాలలో అనుభవం ఉన్న వైద్యుడు చూసి చెప్పగలడు. అనుమానం ఉంటే మచ్చ అంచు నుండి గీకిన పొలుసులను గాజు పలక మీద 10 నుండి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి సూక్ష్మదర్శినితో చూస్తారు. కెరాటిన్ కరిగిపోయి, కొమ్మలుగా చీలిన శిలీంధ్ర తంతువులు స్పష్టంగా కనబడతాయి. కొద్ది నిమిషాలలో ముగిసే ఈ పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. విచారించదగిన విషయమేమిటంటే, నెలల తరబడి ట్యూబుల మీద డబ్బు పోసిన రోగులలో చాలామందికి ఈ పరీక్ష ఒక్కసారి కూడా జరిగి ఉండదు. ఏ జాతి శిలీంధ్రమో తెలియాలంటే సబురో యానకంలో పెంచాలి, దీనికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. వుడ్స్ దీపం అనే అతినీలలోహిత కాంతిలో మైక్రోస్పోరమ్ సోకిన వెంట్రుకలు ఆకుపచ్చగా మెరుస్తాయి గానీ, ట్రైకోఫైటాన్ జాతులలో అధికభాగం మెరవవు.

స్టెరాయిడ్ లేపనాల సమస్య

క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటివి చర్మం వాపును తగ్గించే స్టెరాయిడ్ మందులు. వీటిలో క్లోబెటసాల్ అత్యంత శక్తివంతమైన తరగతికి చెందినది. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి వ్యాధులలో వైద్యుని పర్యవేక్షణలో ఇవి ఎంతో ఉపయోగపడతాయి. భారతీయ మార్కెట్టులో మాత్రం ఒకే ట్యూబులో స్టెరాయిడ్, శిలీంధ్రనాశిని, బాక్టీరియా నాశిని కలిపిన మిశ్రమాలు విస్తారంగా చలామణి అయ్యాయి. అన్ని చర్మవ్యాధులకూ ఒకే మందు అన్నట్లుగా వీటిని మందుల దుకాణాలలో చీటీ లేకుండా అమ్మడం, ఇరుగుపొరుగు వారు సిఫారసు చేయడం సర్వసాధారణమైంది.

తామర మీద ఈ లేపనం రాసినప్పుడు జరిగేది ఇది. ఒకటి రెండు రోజులలో దురద, ఎరుపు తగ్గిపోతాయి. రోగి మందు అద్భుతంగా పనిచేసిందనుకుంటాడు. కానీ చర్మపు రక్షణ శక్తి అణగిపోవడంతో శిలీంధ్రం అడ్డు లేకుండా పాకుతుంది. ట్యూబు ఆపిన కొద్ది రోజులకు మునుపటి కంటే పెద్దదైన మచ్చ, మునుపటి కంటే తీవ్రమైన దురద తిరిగి వస్తాయి. రోగి మళ్ళీ అదే ట్యూబు కొంటాడు. ఈ చక్రం నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు సాగుతుంది. క్రమంగా వలయపు ఆకారం చెదిరిపోయి, వలయంలో వలయం ఏర్పడి, చూసి గుర్తుపట్టడమే కష్టమవుతుంది. ఇలా రూపుమారిన తామరకు 1968లో ఐవ్, మార్క్స్ అనే బ్రిటిష్ వైద్యులు 'టీనియా ఇన్‌కాగ్నిటో' (మారువేషంలోని తామర) అని పేరు పెట్టారు.

దీర్ఘకాలం వాడితే చర్మం పలుచబడుతుంది. తొడల సందులలో, చంకలలో గర్భిణుల పొట్ట మీది చారల వంటి చీలికలు ఏర్పడతాయి. ఇవి శాశ్వతం, తామర తగ్గినా పోవు. ముఖం మీద రక్తనాళాలు తేలి ఎర్రబడటం, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. పసిపిల్లలలో ఎక్కువ భాగం మీద రాస్తే మందు రక్తంలోకి చేరి ఎదుగుదలను దెబ్బతీయగలదు.

భారతీయ చర్మవ్యాధి నిపుణుల సంఘం (ఐ.ఎ.డి.వి.ఎల్.) ఈ దుర్వినియోగానికి వ్యతిరేకంగా ప్రచారం చేపట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. నియమం ఉన్నంత మాత్రాన అమలు జరగదనేది దుకాణానికి వెళ్ళినవారికి తెలిసిన విషయమే. ట్యూబు మీద 'సోల్', 'సోన్' అని ముగిసే పేర్లను చూసి స్టెరాయిడ్‌ను పోల్చుకోవాలని కొందరు చెబుతారు గానీ ఆ పద్ధతి నమ్మదగినది కాదు. శిలీంధ్రనాశిని అయిన క్లోట్రిమజోల్ పేరు కూడా 'జోల్' అనే ముగుస్తుంది. డబ్బా మీద మందుల పేర్లను పూర్తిగా చదివి, క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్, డెక్సామెథసోన్ వంటివి ఉన్నాయేమో చూడటమే సరైన పద్ధతి.

అప్పటికే చాలాకాలంగా ఇటువంటి లేపనం వాడుతున్నవారు మానివేసినప్పుడు మంట, ఎరుపు కొంతకాలం పెరగవచ్చు. అది కొత్త మందు వికటించడం కాదు. దీనిని ముందుగా చెప్పకపోవడం వలన చాలామంది సరైన చికిత్సను మధ్యలో వదిలి పాత ట్యూబుకే తిరిగి వెళతారు.

చికిత్స

ఒకటి రెండు చిన్న మచ్చలే ఉండి, ఇంతకు ముందు స్టెరాయిడ్ వాడి ఉండకపోతే పైపూత మందు సరిపోతుంది. క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకోనజోల్, లులికోనజోల్, టెర్బినఫిన్ లేపనాలు వాడుకలో ఉన్నాయి. ఇవన్నీ శిలీంధ్ర కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ తయారు కాకుండా అడ్డుకుంటాయి. లేపనాన్ని మచ్చ మీదనే కాక దాని అంచు దాటి సుమారు రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి, ఎందుకంటే కంటికి ఇంకా కనిపించని శిలీంధ్రం అక్కడ ఉంటుంది. మచ్చ పోయిన తరువాత కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి.

ఎంత మందు కావాలన్నది సాధారణంగా ఎవరూ చెప్పని విషయం. చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండిన లేపనం సుమారు అర గ్రాము ఉంటుంది. అది పెద్దవారి రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. అంటే ఆ పరిమాణపు మచ్చకు రోజుకు రెండుసార్లు రాస్తే ఒక గ్రాము అవుతుంది, 15 గ్రాముల ట్యూబు 15 రోజులలో అయిపోతుంది. నాలుగు వారాల చికిత్సకు రెండు ట్యూబులు కావాలి. ఒక్క ట్యూబును నెలన్నర పాటు పొదుపుగా రాసి, మందు పనిచేయలేదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఎక్కువ భాగానికి వ్యాపించినప్పుడు, తల లేదా గోళ్ళకు సోకినప్పుడు, స్టెరాయిడ్ వాడిన తరువాత రూపుమారినప్పుడు నోటి మందులు అవసరమవుతాయి. ఇవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. టెర్బినఫిన్ కాలేయం మీద ప్రభావం చూపవచ్చు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఆహారంతో పాటు తీసుకోవాలి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు దానిని శరీరానికి పట్టకుండా చేస్తాయి. గుండె వైఫల్యం ఉన్నవారు దానిని వాడకూడదు, కొన్ని కొలెస్టరాల్ మందులతో కలిపి తీసుకోరాదు. గ్రిసియోఫుల్విన్ కొవ్వు ఉన్న ఆహారంతో బాగా పడుతుంది, పిల్లల తల తామరకు ఇప్పటికీ ముఖ్యమైన మందు, గర్భిణులకు ఇవ్వకూడదు. కీటోకోనజోల్ మాత్రలు కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తున్నాయని తేలడంతో 2013లో ఐరోపా మందుల సంస్థ వాటిని ఉపసంహరించమని సూచించింది, అదే సంవత్సరం అమెరికా వాటి వాడకాన్ని కఠినంగా పరిమితం చేసింది. గర్భిణులకు సాధారణంగా క్లోట్రిమజోల్ వంటి పైపూతలనే ఎంచుకుంటారు.

గోటి తామర చికిత్స దీర్ఘమైనది. టెర్బినఫిన్‌ను చేతి గోళ్ళకు ఆరు వారాలు, కాలి గోళ్ళకు పన్నెండు వారాలు ఇస్తారు. అయితే కాలి గోరు పూర్తిగా కొత్తగా పెరగడానికి సంవత్సరం నుండి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి మందు ముగిసే సమయానికి గోరు ఇంకా చెడిపోయినట్లే కనిపిస్తుంది.

తామర మానిన చోట నల్లని మచ్చ కొన్ని నెలలు మిగలవచ్చు. పొలుసులు, దురద, ఉబ్బిన అంచు లేకుంటే అది వ్యాధి కాదు, దానికి మందు అక్కరలేదు.

కుటుంబంలో వ్యాప్తి, నివారణ

ఇంట్లో ఒకరికి తామర ఉన్నప్పుడు మిగిలినవారిని కూడా పరీక్షించడం చికిత్సలో భాగం. అందరికీ ఒకేసారి వైద్యం జరగకపోతే వ్యాధి ఒకరి నుండి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. స్నానాల గదిలో దండెం మీద వ్రేలాడే ఒకే తువాలు, ఒకే దువ్వెన, ఒకే దుప్పటి, అన్నదమ్ములు మార్చుకునే చొక్కాలు, లుంగీలు దీని రహదారులు. వసతి గృహాలలోని విద్యార్థులకు, ఒకే గదిలో సర్దుకొని ఉండే కూలీలకు ఇది మరింత కష్టమైన సమస్య. రోజుకు రెండు జతల బట్టలు మార్చుకోమని చెప్పడం తేలికే గానీ, అంత నీరు, అంత స్థలం అందరికీ ఉండవు. కనీసం తువాలు, లోదుస్తులు ఎవరివి వారికి వేరుగా ఉండటం అన్ని ఇళ్ళలోను సాధ్యమైన పని.

శిలీంధ్ర బీజాలు రాలిన పొలుసులలో నెలల తరబడి బ్రతికి ఉండగలవు. చల్లని నీటిలో సబ్బుతో ఉతికినంత మాత్రాన అవన్నీ చావవు. రోగి బట్టలను వేరుగా ఉంచి, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ఉతికి, లోపలి వైపు బయటకు తిప్పి ఎండలో ఆరవేయాలి. అతుకులు, నడుము పట్టీల వద్ద ఇస్త్రీ చేయడం మంచిది. స్నానం తరువాత మడతలు, వ్రేళ్ళ సందులు పొడిగా తుడుచుకొని, ఆ తరువాతనే బట్టలు తొడగాలి. పాదాలకు తామర ఉన్నవారు లోదుస్తుల కంటే ముందు మేజోళ్ళు తొడిగితే గజ్జలకు అంటకుండా ఉంటుంది. యాంటిసెప్టిక్ ద్రావణాలను స్నానపు నీటిలో కలపడం, గరుకు పీచుతో రుద్దడం చర్మాన్ని గాయపరుస్తాయే తప్ప మేలు చేయవు. చికిత్స మొదలుపెట్టిన పిల్లలను బడి మాన్పించనవసరం లేదు.

పచ్చి వెల్లుల్లి నూరి కట్టడం, కిరసనాయిలు, బ్యాటరీలోని ఆమ్లం పూయడం వంటి మోటు వైద్యాల వలన చర్మం కాలి పుండ్లు పడతాయి. నిమ్మరసం రాసి ఎండలో తిరిగితే బొబ్బలెక్కి నల్లబడుతుంది.

మందుకు లొంగని తామర

ఒకప్పుడు భారతదేశంలో తామరకు ప్రధాన కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్. 2010 తరువాత ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ సమూహానికి చెందిన ఒక రకం దాని స్థానాన్ని ఆక్రమించింది. ఇది ముఖం నుండి పాదం వరకు పెద్ద మచ్చలుగా వ్యాపిస్తుంది, విపరీతమైన దురద పెడుతుంది. టెర్బినఫిన్ పనిచేసేది స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము మీద. ఆ ఎంజైము జన్యువులో ఒక్క మార్పు వచ్చినా మందు దానికి అతుక్కోదు. ఇటువంటి మార్పులు గల శిలీంధ్రాలు అధికంగా ఉన్నాయని 2018లో ఢిల్లీ పరిశోధకులు ప్రకటించారు. 2020లో జపాన్ శాస్త్రజ్ఞులు భారతదేశం, నేపాల్ నుండి వచ్చిన రోగులలో దొరికిన నమూనాలను ప్రత్యేక జాతిగా గుర్తించి దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఐరోపా దేశాలలో ఇది కనిపించింది. 2023లో అమెరికాలో మొదటి రెండు కేసులు న్యూయార్క్ నగరం నుండి నమోదయ్యాయి. ఇటువంటి రోగులకు సాధారణంగా ఇట్రాకొనజోల్‌ను వాడతారు, చికిత్స అనేక వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. భారతదేశానికి వచ్చి వెళ్ళే ప్రవాసులు విదేశాలలో తామరకు చూపించుకునేటప్పుడు ఆ ప్రయాణం గురించి, అంతకు ముందు వాడిన ట్యూబుల గురించి చెప్పడం వైద్యునికి ఉపయోగపడుతుంది.

చరిత్ర

ఆయుర్వేదంలో దద్రువును కుష్ఠ రోగాల వర్గంలో చేర్చారు. చరకుడు దీనిని క్షుద్ర కుష్ఠాలలో, సుశ్రుతుడు మహా కుష్ఠాలలో లెక్కించారు. ఇక్కడ కుష్ఠ శబ్దం చర్మవ్యాధులన్నింటికీ వాడిన మాట. మెట్టతామర అనే పొదకు ఆ పేరు రావడానికి దాని ఆకు నూరి తామరకు పట్టించే అలవాటే కారణం. సంస్కృతంలో దానిని దద్రుఘ్న అంటారు. ఆ ఆకులో శిలీంధ్రాలను అడ్డుకునే పదార్థాలు ఉన్నట్లు ప్రయోగశాలలలో గమనించారు గానీ, నేటి మొండి తామరకు అది చాలదు.

పాశ్చాత్య దేశాలలో క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన రోమన్ రచయిత సెల్సస్ కీరియాన్‌ను వర్ణించాడు. 1840ల ఆరంభంలో పారిస్‌లో పనిచేసిన డేవిడ్ గ్రూబీ తల తామర శిలీంధ్రం వలన వస్తుందని నిరూపించాడు. సూక్ష్మజీవుల వలన మనుషులకు వ్యాధులు కలుగుతాయని తేల్చిన తొలి ఆవిష్కరణలలో ఇది ఒకటి, కోచ్ క్షయ క్రిమిని కనుగొనడానికి నాలుగు దశాబ్దాల ముందటిది. ఫ్రెంచి వైద్యుడు రేమండ్ సబురో 1910లో ఈ శిలీంధ్రాల మీద ఉద్గ్రంథం ప్రచురించాడు.

సరైన మందు లేని రోజులలో తల తామరకు ఎక్స్-కిరణాలతో జుట్టు రాలగొట్టేవారు. ఇజ్రాయేల్‌లో 1950 ప్రాంతంలో వేలాది వలస కుటుంబాల పిల్లలకు ఈ చికిత్స చేశారు. వారిలో మెదడు, థైరాయిడ్ కంతులు ఎక్కువగా వస్తున్నాయని 1974లో బారుక్ మోడన్ బృందం వెల్లడించింది. 1994లో ఆ దేశం బాధితులకు నష్టపరిహారం ఇచ్చే చట్టం చేసింది. 1939లో ఒక పెన్సీలియం బూజు నుండి వేరుచేసిన గ్రిసియోఫుల్విన్ చాలాకాలం మొక్కల తెగుళ్ళకే పనికివస్తుందనుకున్నారు. 1958లో గ్లాస్గోకు చెందిన జెంటిల్స్ దానిని నోటి ద్వారా ఇచ్చి గినీ పందుల తామరను నయం చేయడంతో ఎక్స్-కిరణాల అవసరం తీరిపోయింది. క్లోట్రిమజోల్, మైకోనజోల్ 1960ల చివరలోను, టెర్బినఫిన్ 1990ల ఆరంభంలోను వాడుకలోకి వచ్చాయి.